కాలాపాణి అనే పేరు కింద

(స్మారక ఉపన్యాస పాఠం)

గ్రంథాలయంలో పుస్తకాల పేర్ల పట్టిక తీసి, ‘కా’ దగ్గర వేలు పెట్టి కిందికి జరుపుకుంటూ పోతే ‘కాలాపాణి’ అన్న మాట దగ్గర వేలు కాసేపు ఆగుతుంది. ఆ పేరు పెట్టుకున్నవి ఒకటీ రెండూ కావు. ఒకటి పందొమ్మిదో శతాబ్దపు ఉర్దూ ఆత్మకథ. ఒకటి మరాఠీ నవల. ఒకటి అండమాన్ నికోబార్ దీవుల చరిత్ర మీద ఇంగ్లీషులో వచ్చిన పరిశోధన. ఇంకొకటి దక్షిణాఫ్రికా భారతీయుల్లో కులం, రంగు ఎలా కలగలిశాయో చెప్పే అధ్యయనం. వీటికి తోడు హిమాలయాల్లో ఒక సరిహద్దు తగాదా మీద వచ్చిన రచనలు. సినిమాలు కూడా కలుపుకుంటే దేవానంద్ ఒక పక్క, మోహన్‌లాల్ ఒక పక్క. రాసినవాళ్లలో చాలామంది ఒకరినొకరు ఎరగరు. భాష వేరు, కాలం వేరు, దేశం కూడా వేరు. అయినా అక్షరక్రమం వాళ్లందరినీ తెచ్చి ఒకే బల్ల మీద కూర్చోబెట్టింది.

ఈ ఉపన్యాసం అయ్యంకి వెంకట రమణయ్యగారి స్మృతికి అంకితం. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన గ్రంథాలయ ప్రతినిధుల సభ జరిగింది. దానికి నడుం కట్టిన అయ్యంకివారికి అప్పటికి పాతికేళ్లు కూడా నిండలేదు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది ఆ సభలోనే. ఆ ఉద్యమం కన్న బిడ్డల్లో పాతూరి నాగభూషణం ఒకరు. 1935లో ఆయన కృష్ణా కాలవ మీద పడవలో పుస్తకాలు వేసుకుని ఊరూరా తిప్పారు. రేవులో పడవ ఆగితే చాలు, పుస్తకం ఒడ్డుకొచ్చేది. విశాఖపట్నం నుంచి దాదాపు 1,200 కిలోమీటర్ల సముద్రం దాటి రెండు మూడు రోజులకు పోర్ట్ బ్లెయిర్ చేరే ఓడల గురించి చదివితే ఆ కాలవ పడవే గుర్తొస్తుంది. ఆ ఓడల్లో తెలుగువాళ్లు వెళ్లారు. వాళ్ల వెనకే పంచాంగాలు, బడి పుస్తకాలు, పత్రికలు కూడా వెళ్లాయి.

2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల జనాభా 3,80,581. అందులో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు నూటికి 13 మందికి పైనే. బెంగాలీ, హిందీ, తమిళం తరవాతి స్థానం తెలుగుదే. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి చేపల వేటకూ కూలికీ వెళ్లినవాళ్లు వాళ్లలో చాలామంది ఉన్నారు. అక్కడి ప్రభుత్వ పాఠశాలల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది. అంటే ‘కాలాపాణి’ అన్న మాట వినగానే భయపడాల్సిన అవసరం లేకుండా, ఆ నీళ్ల ఒడ్డునే పుట్టి పెరిగిన తెలుగు పిల్లలున్నారు. పట్టికలోని ఆ పుస్తకాలను ఎవరికోసం వరుసగా పేర్చాలి అని అడిగితే, ముందు వాళ్లకోసమే అని జవాబు చెప్పాలి.

ఇక పుస్తకాలు.

అన్నిటికంటే పాతది మౌలానా మహమ్మద్ జాఫర్ థానేసరీ ఆత్మకథ. దాని అసలు పేరు ‘తవారీఖె అజీబ్’, అంటే వింత చరిత్ర. జనం నోట్లో మాత్రం అది ‘కాలాపానీ’గా నిలిచిపోయింది. కురుక్షేత్రం పక్కనున్న థానేసర్ ఆయన ఊరు. అర్జీలు రాసిపెట్టడం వృత్తి. సరిహద్దుల్లో ఇంగ్లీషువాళ్ల మీద పోరాడుతున్నవాళ్లకి డబ్బు చేరవేశాడని 1864లో అంబాలా కోర్టు ఉరిశిక్ష వేసింది. ఆ మాట విని తనూ తన తోటివాళ్లూ సంతోషపడ్డామనీ, చావును వేడుకలా చూసేవాళ్లకు చావు శిక్షే కాదని దొరలు దాన్ని ద్వీపాంతరవాసంగా మార్చారనీ ఆయనే రాసుకున్నాడు. 1866 జనవరిలో పోర్ట్ బ్లెయిర్‌లో దిగాడు.

ఆ తరవాత జరిగింది చదివితే ‘కాలాపాణి’ అన్న పేరు మీద మనకున్న ఊహ కొంత కదులుతుంది. థానేసరీ అక్కడ మున్షీ అయ్యాడు. ఇంగ్లీషు నేర్చుకున్నాడు. తెల్ల అధికారులకు హిందుస్తానీ నేర్పాడు. పెళ్లి చేసుకుని పిల్లల్ని కన్నాడు. 1872 ఫిబ్రవరి 8న మౌంట్ హారియట్ కింద హోప్ టౌన్ రేవులో వైస్రాయ్ లార్డ్ మేయోను షేర్ అలీ అఫ్రిదీ కత్తితో పొడిచి చంపినప్పుడు ఆ దీవుల్లోనే ఉన్నాడు. 1883లో విడుదలై, ఆలుబిడ్డలతో కలిసి పంజాబు తిరిగొచ్చాడు. పదిహేడేళ్లు గడిపిన చోటు ఆయనకు నరకంలానూ కనిపించింది, ఊరిలానూ కనిపించింది. ఆ రెండూ కలిసిన చూపు ఆ పుస్తకంలో ఉంది. సెల్యులార్ జైలు కట్టకముందు అండమాన్ ఎలా ఉండేదో ఖైదీ కంటితో చూడాలంటే ఇదే ముందు చదవాలి. తెలుగు పాఠకులకు దీన్ని గురించి చెప్పేవాళ్లు తక్కువ, అది బాధ కలిగించే సంగతి.

రెండోది వినాయక్ దామోదర్ సావర్కర్ మరాఠీ నవల ‘కాళే పాణీ’, 1937లో వచ్చింది. అండమాన్ జైలు అనుభవం మీద ఆయన అంతకుముందే ‘మాఝీ జన్మఠేప్’ అనే స్వీయకథ రాశాడు. పాఠకులు చాలామంది ఈ రెండిటినీ ఒకటే అనుకుంటారు. కాదు. మొదటిది 1911 జూలైలో సెల్యులార్ జైలుకి చేరి, 1921లో ఇవతలికి వచ్చిన మనిషి తన బతుకు చెప్పుకున్నది. రెండోది కల్పిత పాత్రలతో అల్లిన కథ, చివరికి ఖైదీల బస్తీకి చేరేది. థానేసరీకీ సావర్కర్‌కీ మధ్య సుమారు నలభై అయిదేళ్ల దూరం ఉంది. నమ్మకాల్లో అంతకంటే పెద్ద దూరం ఉంది. బతికుండగా ఇద్దరూ ఎదురుపడి ఉంటే ఒకరి మాట ఒకరు ఓర్చుకునేవాళ్లో లేదో. పట్టికలో మాత్రం భుజం భుజం రాసుకుని నిలబడ్డారు.

ఇక్కడ ఒక అక్షరం గురించి ఆగి చెప్పుకోవాలి. హిందీలో, ఉర్దూలో నీళ్లను ‘పానీ’ అంటారు, ‘న’తో. మరాఠీ, గుజరాతీ, పంజాబీల్లో ‘పాణీ’, ‘ణ’తో. తెలుగులో ఈ మాట రెండు రకాలుగానూ అచ్చవుతోంది. ‘కాలాపాణి’ అని రాసేవాళ్లు మొదటి సగం హిందీ నుంచీ రెండో సగం మరాఠీ ఉచ్చారణ నుంచీ తీసుకున్నట్టు కనిపిస్తుంది. పైగా తెలుగు చెవికి ‘పాణి’ అంటే చెయ్యి. చక్రపాణి, శూలపాణి, వీణాపాణి విని పెరిగిన చెవికి కాలాపాణి అంటే నల్లని చేతులవాడు ఎవరో అనిపించినా తప్పు పట్టలేం. ఉత్తరాదిలో ఇంకో వ్యాఖ్య ఉంది. అది ‘కాలా’ కాదు, ‘కాల్’ అనీ, కాలం అనీ, కాలుడు అనీ, కాబట్టి మృత్యుజలం అనీ. ఏది అసలుదో తేల్చడం కన్నా, రెండు అర్థాలూ జనం మనసులో కలిసే ఉన్నాయని గుర్తుంచుకోవడం మేలు.

మూడోది ఎల్.పి. మాథుర్ ‘కాలాపాణి’, 1985లో ఢిల్లీలో వెలువడింది. అండమాన్ నికోబార్ దీవుల చరిత్రనూ స్వాతంత్ర్యోద్యమాన్నీ కలిపి రాసిన గ్రంథం. ఆర్చిబాల్డ్ బ్లెయిర్ 1789లో మొదటి వలస నాటడం, జ్వరాలు తట్టుకోలేక 1796లో దాన్ని ఎత్తేయడం, 1857 తిరుగుబాటు తరవాత 1858 మార్చి 10న డాక్టర్ వాకర్ 200 మంది ఖైదీలతో వచ్చి దిగడం, 1896 నుంచి 1906 దాకా బర్మా ఇటుకతో సెల్యులార్ జైలు కట్టడం ఈ చరిత్రలోని మైలురాళ్లు. నక్షత్రంలా ఏడు రెక్కలు, 693 కొట్లు. ఒక కొట్టులోని మనిషికి ఎదురుగా ఇంకో రెక్క వీపు తప్ప మరేమీ కనపడకుండా కట్టారు. ఇవాళ మూడు రెక్కలే మిగిలాయి.

ఆ కొట్ల గుండా తెలుగువాళ్లూ నడిచారు. అల్లూరి సీతారామరాజు వెంట నిలిచిన గాం మల్లు దొర అండమాన్ శిక్ష అనుభవించి తిరిగొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. కాకినాడ బాంబు కేసులో ప్రతివాది భయంకరాచారి అక్కడికి వెళ్లాడు. ఇంకా వెనక్కి వెళితే, 1857 జూలై 17న హైదరాబాదు రెసిడెన్సీ మీద తుర్రేబాజ్ ఖాన్‌తో కలిసి దాడి చేసిన మౌలవీ అలాఉద్దీన్‌ను దీవులకు పంపారు. ఆయన ప్రాణం అక్కడే పోయింది. మల్లు దొర సంగతి చిన్నది కాదు. అడవిలో పుట్టి, తుపాకి పట్టి, సముద్రం అవతల కొట్టులో ఏళ్లు గడిపి, పార్లమెంటులో కూర్చున్న గిరిజనుడు. తెలుగులో ‘కాలాపాణి’ పేరుతో ఒక పుస్తకం రావాల్సి ఉంటే ఈ మనిషి మీదే రావాలి.

జైల్లో పుస్తకాల సంగతి కూడా ఈ సభలో చెప్పుకోదగ్గదే. సావర్కర్ కాలంలో ఖైదీలకు ఇళ్ల నుంచి వచ్చిన పుస్తకాలను ఒకచోట చేర్చి గ్రంథాలయంలా నడిపారు. తరవాతి తరం 1933 మే నెలలో నిరాహారదీక్షకు దిగింది. బలవంతంగా పాలు పట్టబోతే మహావీర్ సింగ్, మోహిత్ మొయిత్రా, మోహన్ కిశోర్ నమదాస్ ప్రాణాలు కోల్పోయారు. దీక్ష ముగిశాక దక్కిన వాటిలో కొట్లో దీపం, చదువుకోవడానికి పుస్తకాలు, పత్రికలు ఉన్నాయి. ముగ్గురు చనిపోయిన పోరాటంలో అడిగినవాటి జాబితాలో పుస్తకం ఉందని గ్రంథాలయాల వాళ్లు మర్చిపోకూడదు. ఆ తరవాత అక్కడ తరగతులు నడిచాయి, వాదనలు నడిచాయి, కొందరి రాజకీయాలే మారిపోయాయి.

అయితే పేరు అన్నిటినీ పట్టుకోదు. ఆ జైలు మీద వచ్చిన గొప్ప పుస్తకాల్లో కొన్ని ఈ వరుసలో కనపడవు. ఉపేంద్రనాథ్ బందోపాధ్యాయ 1921 నాటి బెంగాలీ ఆత్మకథ ‘నిర్వాసితేర్ ఆత్మకథా’, బారీంద్ర కుమార్ ఘోష్ మరుసటి ఏడు ఇంగ్లీషులో తెచ్చిన ప్రవాస కథ, విజయ్ కుమార్ సిన్హా అండమాన్‌ను ఫ్రాన్సులోని బాస్టీల్ కోటతో పోల్చి పేరు పెట్టిన పుస్తకం, ఏదీ ‘కా’ దగ్గర ఉండదు. అంటే పేరు వెంట పోయే పాఠకుడు సగం దారిలోనే ఆగిపోతాడు. విషయం వెంట పోయేవాడు ఇవన్నీ చూస్తాడు కానీ థానేసరీ పక్కన దక్షిణాఫ్రికా ఎందుకొచ్చిందో ఎన్నడూ అడగడు.

ఆ ప్రశ్న అడగాల్సిందే. రెహానా ఎబ్ర్-వాలీ 2001లో కేప్‌టౌన్ నుంచి తెచ్చిన ‘కాలాపాణి’లో అండమాన్ కథ లేదు, జైలు కథ లేదు. అది దక్షిణాఫ్రికాలో స్థిరపడ్డ భారతీయుల కులాన్నీ రంగునూ గురించిన పుస్తకం. 1860 నవంబరు 16న ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుంచి కూలీలతో డర్బన్ చేరింది. ఆ కూలీల వలసలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ వెళ్లారు. డర్బన్‌లో 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నది వాళ్ల పిల్లలే. మారిషస్‌కి వెళ్లిన తెలుగువాళ్లకి ఇంకో పేరు పడింది, ‘కోరంగీలు’ అని. కాకినాడ దగ్గర కోరంగి రేవులో ఓడ ఎక్కడమే కారణం. వాళ్లు ఎక్కిన ఓడ తేలింది ఏ కాలాపాణి మీద? శిక్ష పడ్డవాడి నీళ్ల మీదా, కూలికి వెళ్లినవాడి నీళ్ల మీదా? సముద్రం ఒకటే. పేరూ ఒకటే. రెండు కథలూ మాత్రం వేర్వేరు అలమరల్లో ఉన్నాయి.

ఈ పేరు ఎవరు పెట్టారో ఆలోచిస్తే ముడి కొంత విడుతుంది. సముద్రయానం చేస్తే పతనమవుతారని బౌధాయన ధర్మసూత్రం చెబుతుంది. ఆ భయం నేల మీద ఉన్నవాళ్లది, కులం పోతుందని బెంగపెట్టుకున్నవాళ్లది. విశాఖపట్నంలో 1780 అక్టోబరులో కంపెనీ సిపాయిలు, హైదర్ అలీ మీద యుద్ధానికి మద్రాసుకు ఓడలో పొమ్మంటే ఎదురు తిరిగి అధికారుల్ని కాల్చారు. తిరుగుబాట్ల చరిత్ర చెప్పేవాళ్లు 1857కి ముందు దీన్ని తలుచుకోవాలి. అదే ఊళ్లో సముద్రంలోకి తెప్ప తోసుకుంటూ రోజూ వెళ్లే మత్స్యకారులకు నీళ్లు నల్లవి కావు. వాళ్లకు అది గంగమ్మ. వలకి ముందు కొబ్బరికాయ కొట్టి మొక్కే తల్లి. ఇవాళ జంగ్లీఘాట్ రేవులో చేపల బుట్టలు దించే తెలుగువాళ్లు ఆ గంగమ్మ బిడ్డలే. ‘కాలాపాణి’ అన్న పేరు వాళ్ల నోట పుట్టింది కాదు.

నేపాల్ సరిహద్దు మీద వచ్చిన పుస్తకాల్లో కనిపించే కాలాపానీ ఇంకో చోటు. అది ఉత్తరాఖండ్ పితోరాగఢ్ జిల్లాలో, కైలాస మానససరోవర యాత్ర వెళ్లే లిపులేఖ్ దారిలో ఉంది. కాళీ నది పుట్టిందని యాత్రికులు నమ్మే ఊటా, పక్కన కాళికాలయమూ ఉన్న చోటు. 1816 సుగౌలీ సంధి కాళీ నదిని హద్దుగా పెట్టింది. నది ఏ పాయతో మొదలవుతుందన్న దగ్గర తగాదా. 2020 మే నెలలో నేపాల్ కొత్త పటం అచ్చు వేసేసరికి ఈ పేరు మళ్లీ పత్రికలకెక్కింది. అక్కడ సముద్రం లేదు, ఖైదీ లేడు, మంచు ఉంది. నల్లని నీళ్లు అన్న అర్థం ఒక్కటే రెండు చోట్లకూ ఉమ్మడి.

సినిమాలకు వచ్చేసరికి తెలుగువాళ్లకు ఒక ముచ్చట. 1958లో రాజ్ ఖోస్లా తీసిన ‘కాలాపానీ’లో అండమాన్ లేనే లేదు. చెయ్యని హత్యకు తండ్రి జైల్లో మగ్గుతున్నాడని తెలిసి, అతని నిర్దోషిత్వం నిరూపించడానికి కొడుకు హైదరాబాదు వస్తాడు. కథకు మూలం ఏ.జె. క్రోనిన్ ఇంగ్లీషు నవల. దేవానంద్‌కు ఉత్తమ నటుడిగా ఫిల్మ్‌ఫేర్ తెచ్చిన చిత్రమిది. చార్‌మినార్ ఊరి కథకు నల్లనీళ్ల పేరు ఎందుకంటే, అప్పటికే ఆ మాట జన్మఖైదుకు మారుపేరైపోయింది. 1996లో ప్రియదర్శన్ మలయాళంలో తీసినది మాత్రం నిజంగా సెల్యులార్ జైలు కథ. సాబూ సిరిల్ కళాదర్శకత్వానికి, సంతోష్ శివన్ ఛాయాగ్రహణానికి జాతీయ పురస్కారాలొచ్చాయి. తెలుగులోకి అనువాదమై వచ్చి, మన ఇళ్లల్లో పిల్లలకు ఆ మాట నేర్పింది ఎక్కువగా ఈ సినిమానే. 1979లో అక్కినేని, వాణిశ్రీ నటించిన ‘అండమాన్ అమ్మాయి’ కూడా ఉంది. దానిలో దీవి ప్రేమకథకు తెర మాత్రమే.

ఒకే పేరు కింద ఇద్దరు మనుషులు దాక్కున్న ఉదాహరణ ఇదే దీవుల మీద ఇంకొకటి ఉంది. అండమాన్ ఆదివాసుల మీద ఒకే ఇంగ్లీషు శీర్షికతో రెండు పుస్తకాలున్నాయి. మొదటిది 1922 నాటిది. మానవశాస్త్రంలో పాఠ్యగ్రంథంగా పేరు పొందింది. అట్ట మీద రచయిత పేరు ఏ.ఆర్. బ్రౌన్. ఆయన 1926లో చట్టప్రకారం ఇంటిపేరు మార్చుకుని రాడ్‌క్లిఫ్-బ్రౌన్ అయ్యాడు. తరవాతి ముద్రణలు కొత్త పేరుతో వచ్చాయి. పాత ప్రతి ఒక పేరు కింద, కొత్త ప్రతి ఇంకో పేరు కింద పెడితే, పుస్తకం ఒకటే అని పాఠకుడికి తెలిసే దారి లేదు. రెండోది 1966 నాటిది, ఇటలీ పరిశోధకుడు లిడియో చిప్రియానీ రాసినది. లిటిల్ అండమాన్‌లో ఓంగీల మధ్య తిరిగిన అనుభవం అందులో ఉంది. ఇదే చిప్రియానీ 1938లో ముస్సోలినీ కాలపు జాతి ప్రకటన మీద సంతకం పెట్టినవాడు. ఒకే శీర్షిక చూసి ఒకటి బదులు రెండోది తీసుకెళ్లిన విద్యార్థి పూర్తిగా వేరే మనిషి కళ్లతో దీవుల్ని చూసి వస్తాడు.

ఆ శీర్షికల్లో ఉన్న ‘ఆదివాసులు’ ఎవరూ ఈ పుస్తకాలు రాయలేదు. 1890లో కానన్ డాయిల్ షెర్లాక్ హోమ్స్ రెండో నవలలో అండమాన్ మనిషిని తెచ్చి, గొట్టంలో విషపు ముల్లు ఊది మనుషుల్ని చంపేవాడిగా చూపాడు. అండమాన్ వాళ్లు విల్లంబులు వాడేవాళ్లు. ఊదుగొట్టం వాళ్లది కాదు. నరమాంస భక్షకులన్న నిందా నిజం కాదు. అయినా ఆ నవల చదివినంతమంది రాడ్‌క్లిఫ్-బ్రౌన్‌ను చదవలేదు. వలస మొదలైనప్పుడు వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీలు ఇవాళ పదుల్లో మిగిలారు. వాళ్ల భాషల్లో ఒకటైన ‘బో’ మాట్లాడే చివరి మనిషి బోవా సీనియర్ 2010 జనవరిలో కన్నుమూసింది. భాషావేత్త అన్వితా అబ్బి ఆమె దగ్గర కూర్చుని మాటలు రాసుకుని, గ్రేట్ అండమానీ నిఘంటువు తెచ్చారు. ఆ నీళ్లకు ఆ ఒడ్డు మనుషులు పెట్టుకున్న పేర్లు అలాంటి పుస్తకాల్లో వెతకాలి. ‘కాలాపాణి’ వరుసలో అవి దొరకవు.

గ్రంథాలయశాస్త్రం ఈ చిక్కునంతా చాలా కాలం కిందటే చూసింది. మెల్విల్ డ్యూయీ 1876లో అంకెల పద్ధతి పెట్టినప్పుడు పుస్తకాన్ని విషయం చూసి కూర్చోబెట్టాడు. మాథుర్ చరిత్ర భారతదేశం ఉండే 954 దగ్గరికి, సావర్కర్ నవల భారతీయ భాషల సాహిత్యం ఉండే 891 దగ్గరికి, కులం, జాతి గురించిన అధ్యయనం 305 దగ్గరికి, సినిమా 791 దగ్గరికి వెళ్తాయి. అలమరల మధ్య అడుగులు లెక్కపెడితే ఒకదాని నుంచి ఒకదానికి చాలా దూరం. మన రంగనాథన్ 1931లో అయిదు సూత్రాలు చెప్పినప్పుడు, పాఠకుడి సమయం వృథా కాకూడదన్నది వాటిలో నాలుగోది. విషయం చూసి పుస్తకం అలమరలో ఉండాలి, పేరు చూసి పట్టికలో దొరకాలి అన్నది గ్రంథపాలకులు పాటిస్తున్న పద్ధతి. అలమర విడదీసినదాన్ని పట్టిక కలుపుతుంది. ఈ రోజుల్లో కంప్యూటర్‌లో వెతికేవాళ్లకి పట్టికే మిగిలింది. అలమర కనపడదు. కాబట్టి పట్టిక రాసే చెయ్యి ఎంత జాగ్రత్తగా ఉంటే అంత మేలు.

పేర్లు మారే దీవులకు ఆ జాగ్రత్త ఇంకా అవసరం. 2018 డిసెంబరులో రాస్ దీవి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం అయింది. నీల్ దీవి షహీద్ ద్వీపం, హేవ్‌లాక్ దీవి స్వరాజ్ ద్వీపం అయ్యాయి. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్‌కు శ్రీ విజయపురం అని పేరు పెట్టారు. 1866లో థానేసరీ దిగిన ఊరూ, ఇవాళ విశాఖ ఓడ ఆగే ఊరూ ఒకటే అని, రెండు పేర్ల మధ్యా దారి వేసి పెట్టకపోతే, ఇంకో ఇరవయ్యేళ్లకి చదువుకునే పిల్లకు ఎలా తెలుస్తుంది?

అక్కడి తెలుగు మాధ్యమ పాఠశాలలో ఏడో తరగతి చదివే పిల్ల ఒకతె గ్రంథాలయానికి వచ్చిందనుకుందాం. బళ్లో టీచరు ‘మన ఊరి చరిత్ర చదివి రండి’ అన్నారు. ఆమె తెలుగులో ‘కాలాపాని’ అని టైపు చేసింది, ‘న’తో. పుస్తకానికి పట్టికలో ‘కాలాపాణి’ అని ఉంది, ‘ణ’తో. తెర మీద ఏమీ రాలేదు. ‘లేదు సార్’ అని చెప్పి వెళ్లిపోయింది. ఆ పిల్లను వెనక్కి పిలవడానికి గ్రంథపాలకుడు చేయాల్సింది చిన్న పని. ఒక చీటీ మీద ఒక్క వరుస రాసి, ‘న’ దగ్గర పెడితే చాలు.

కాలాపాని. చూ. కాలాపాణి, కాళే పాణీ, అండమాన్, ద్వీపాంతరవాసం, పోర్ట్ బ్లెయిర్, శ్రీ విజయపురం.